పెళ్ళి ఖర్చంతా కార్డు మీద గీకితే అమ్మానాన్నలకి అమెరికా టికెట్లు వస్తాయా?

ప్రశ్న: అక్కా, నేను నిజాంపేటలో ఉంటాను. హైటెక్ సిటీలో ప్రైవేటు ఉద్యోగం, నెలకి 85 వేలు చేతికొస్తుంది. ఫాల్గుణంలో మా చెల్లి పెళ్ళి. బంగారం 5 లక్షలు, భోజనాలు 3, ఫంక్షన్ హాలు 2, బట్టలు లక్షన్నర, సారె సామాను లక్షన్నర, ఫొటోలు వీడియో లక్ష, మండపం 50 వేలు, పైఖర్చులు ఇంకో 50 వేలు, మొత్తం 15 లక్షలని లెక్క వేశాం. చేతిలో 12 లక్షలున్నాయి. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 8 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి కానీ అది కదపడం ఆయనకి ఇష్టం లేదు. మా పెద్దక్క డాలస్‌లో ఉంటుంది, జూన్‌లో డెలివరీ, మేలో అమ్మానాన్న వెళ్ళాలి. మొన్న మాల్‌లో కార్డుల స్టాల్ దగ్గర ఒకబ్బాయి, ట్రావెల్ కార్డు తీసుకుని పెళ్ళి ఖర్చంతా దాని మీద పెడితే వచ్చే పాయింట్లతో ఇద్దరికీ అమెరికా టికెట్లు ఫ్రీ అన్నాడు. ఏ కార్డు తీసుకోమంటారు? తక్కువ పడిన 3 లక్షలు కూడా అదే కార్డు మీద పెట్టేసి నెలనెలా కట్టుకుంటే సరిపోతుంది కదా?

జవాబు: తమ్ముడూ, ఏ కార్డు అనేది తర్వాత చూద్దాం. ఉత్తరం చివర్లో మామూలు విషయంలా రాసిన ఆ 3 లక్షల మాటే నాకు టెన్షన్ పెట్టింది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

కార్డు బిల్లు మొత్తం కట్టకుండా కొంత మిగిలిస్తే మన దగ్గర చాలా కార్డుల మీద నెలకి మూడున్నర శాతం, కొన్నిటి మీద అంతకన్నా ఎక్కువే వడ్డీ పడుతుంది, మూడున్నరే అనుకున్నా ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. నీ 3 లక్షలకి లెక్క వేస్తే మొదటి నెలకే 10,500 వడ్డీ, 1,890 జీఎస్టీ, కలిపి 12,390 రూపాయలు, అసలులో ఒక్క రూపాయి తగ్గకుండా. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం తప్పని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది కానీ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది, కాబట్టి ఆ గీత ఇప్పుడు లేదు.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసిన విషయం కాదు. 2019లో బోడుప్పల్‌లో మా ఇంటి గృహప్రవేశానికి సోఫా, మంచాలు, ఏసీ అన్నీ కొత్త కార్డు మీద కొన్నాం. పాయింట్లు వస్తాయని సంబరం. బిల్లు వచ్చిన నెలలోనే మా అత్తగారికి ఒంట్లో బాగాలేక ఆసుపత్రి ఖర్చులు పడ్డాయి, సరే అని ఆ నెల బిల్లులో సగం కట్టి మిగతాది వచ్చే నెల చూద్దామనుకున్నాను. మిగిలిన సగానికే వడ్డీ పడుతుందనుకున్నాను. వాళ్ళు మాత్రం వస్తువు కొన్న రోజు నుంచి, మొత్తం సొమ్ము మీద లెక్క కట్టారు. అంతేకాదు, పాత బాకీ ఉన్నన్నాళ్ళూ ఆ కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, పాల ప్యాకెట్టు కొన్నా సరే, కొన్న రోజు నుంచే వడ్డీ, గడువు అనేదే ఉండదు. తేరుకోవడానికి ఐదు నెలలు పట్టింది. పాయింట్లుగా వచ్చినదాని విలువ ఒక నెల వడ్డీకి కూడా సరిపోలేదు. మా ఆయన ఏమీ అనలేదు కానీ ఆ ఐదు నెలలూ మెసేజ్ శబ్దం వస్తే చాలు గుండె దడదడలాడేది. నువ్వు ఆ దారిలో వెళ్ళకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈఎమ్‌ఐ పెట్టుకుంటాను కదా అంటావేమో. కార్డు ఈఎమ్‌ఐకి వడ్డీ మరీ 42 శాతం ఉండదు, నిజమే, కానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి, పైగా చాలా కార్డుల్లో ఈఎమ్‌ఐకి మార్చిన కొనుగోలుకి పాయింట్లే ఇవ్వరు, ఇచ్చినవి కూడా వెనక్కి తీసుకుంటారు. బంగారు నగల్ని అయితే ఈఎమ్‌ఐకి మార్చనే మార్చరు. అంటే నువ్వు ఏ పాయింట్ల కోసం కార్డు తీసుకుంటున్నావో అవి పోయి అప్పు మాత్రం మిగులుతుంది.

మరి 3 లక్షలు ఎలా? మీ నాన్నగారి ఎఫ్‌డీ కదపక్కర్లేదు, దాని మీద లోన్ తీసుకోండి. ఎఫ్‌డీ అలాగే ఉంటుంది, దాని వడ్డీ దానికి వస్తూనే ఉంటుంది, లోన్‌కి మామూలుగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. 8 లక్షల ఎఫ్‌డీ మీద 3 లక్షలు ఆ ఎఫ్‌డీ ఉన్న బ్యాంకే సులువుగా ఇస్తుంది. నీ జీతంలో నెలకి పాతిక వేల పైచిలుకు పక్కన పెట్టగలిగితే ఏడాదిలో తీరిపోతుంది. ఆయనకి చెప్పేటప్పుడు మాత్రం ఎఫ్‌డీ తీద్దాం అనకు, నీ డబ్బు నీ దగ్గరే ఉంటుంది నాన్నా, బాకీ నేను కడతాను అని చెప్పు. రిటైరైన మనిషికి ఆ కాగితం బీరువాలో ఉండటమే ధైర్యం, ఆ ధైర్యం మనం తీసెయ్యకూడదు. ఆయన దానికీ ఒప్పుకోకపోతే ఇంట్లో ఉన్న బంగారం మీద బ్యాంకులో గోల్డ్ లోన్ అయినా కార్డు అప్పు కన్నా ఎన్నో రెట్లు నయం.

ఇప్పుడు కార్డు సంగతికొద్దాం. స్టాల్ అబ్బాయిని నేను తప్పు పట్టను, రోజుకి ఇన్ని ఫారాలు నింపాలని అతనికి పైనుంచి ఒత్తిడి ఉంటుంది. కానీ అతను 15 లక్షలకీ పాయింట్లు వస్తాయన్నట్టు చెప్పాడు, నువ్వూ అలాగే నమ్మావు. నీ లిస్టు పట్టుకుని ఒక్కొక్కటీ చూద్దాం రా.

బంగారం 5 లక్షలు. పెద్ద మొత్తం ఇదే కాబట్టి అందరి ఆశా దీని మీదే ఉంటుంది. కానీ ట్రావెల్ కార్డుల్లో చాలావాటికి నగల కొనుగోలు మీద పాయింట్లు లేవు. ఆక్సిస్ అట్లాస్ కార్డునే తీసుకో, మైల్స్ కోసం, అంటే విమాన టికెట్లకి వాడుకునే పాయింట్ల కోసం, జనం ఇష్టంగా తీసుకున్న కార్డు అది, దాని మీద 2024 నుంచి బంగారానికీ నగలకీ మైల్స్ ఆపేశారు. పాయింట్లు ఇచ్చే కార్డు దొరికినా ఇంకో చిక్కుంది. పంజాగుట్టలోనో సోమాజిగూడలోనో, సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో షాపులో కూర్చున్నప్పుడు బేరమంతా తరుగు మీద, మజూరీ మీదే కదా నడుస్తుంది. కార్డు అనగానే షాపువాళ్ళకి బ్యాంకుకి కట్టాల్సిన కమీషన్ గుర్తొస్తుంది, తరుగులో తగ్గించే చెయ్యి కాస్త బిగుస్తుంది. 5 లక్షల మీద ఒక్క శాతం తగ్గించినా 5 వేలు, అది చాలా కార్డులు ఇచ్చే పాయింట్ల విలువతో సమానం. కాబట్టి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తాం, తరుగు ఎంత తగ్గిస్తారు అని అడగండి. మీ అమ్మగారిని ముందు కూర్చోబెట్టు, బంగారం బేరంలో వాళ్ళ ముందు మనమెంత! ఒకటి మాత్రం గుర్తుంచుకో, 2 లక్షలు అంతకు పైన ఒకే వ్యవహారానికి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, పాన్ నంబరు కూడా ఇవ్వాలి, అందుకని క్యాష్ ఇస్తే ఇంకా తగ్గిస్తాం అనే మాట వింటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

ఫంక్షన్ హాలు 2 లక్షలు. కొంపల్లి వైపైనా నాగోల్ వైపైనా చాలా హాళ్ళలో అసలు కార్డు మెషీన్ ఉండదు, ఉన్నచోట కార్డైతే 2 శాతం ఎక్స్‌ట్రా అంటారు. 2 లక్షలకి 4 వేలు. ఏడాదికి 2,500 ఫీజు ఉండే ఒక ట్రావెల్ కార్డులో ప్రతి 150 రూపాయలకి 4 పాయింట్లు ఇస్తారనుకో, ఫ్లైట్ బుక్ చేసుకునేటప్పుడు పాయింటు విలువ 50 పైసలు, అంటే 2 లక్షలకి సుమారు 2,660 రూపాయల పాయింట్లు. నాలుగు వేలిచ్చి రెండు వేల ఆరు వందలు తెచ్చుకుంటామా? వద్దు. హాలువాళ్ళు ఎక్స్‌ట్రా ఏమీ వద్దంటే మాత్రం సంతోషంగా గీకు.

భోజనాలవాళ్ళు, మండపంవాళ్ళు, ఫొటోగ్రాఫరు... వీళ్ళంతా అడ్వాన్సు ఇంత, పెళ్ళిరోజు ఇంత, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు ఇంత అని ఫోన్‌పేలో వేయించుకునేవాళ్ళు. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకుంటే షాపుల క్యూఆర్ మీద కట్టొచ్చు, బేగంబజార్‌లో ఇత్తడి సామాను, మోండా మార్కెట్‌లో చిల్లర సరుకు కొనేటప్పుడు అది పనికొస్తుంది, కానీ మనిషి సొంత నంబరుకి పంపడానికి అది పనిచేయదు, ఈ పనివాళ్ళలో ఎక్కువమంది సొంత నంబరే ఇస్తారు. ఈ నాలుగున్నర లక్షలూ కార్డు లెక్కలోంచి తీసెయ్. ఏదో ఒక యాప్‌లో అద్దె పేరుతో తిప్పి వాళ్ళకి పంపొచ్చని ఎవరైనా చెబితే వినకు. అలాంటి చెల్లింపులకి ఫీజు పడుతుంది, పాయింట్లు రావు, తేడా అనిపిస్తే బ్యాంకు కార్డే ఆపేస్తుంది, పెళ్ళి వారంలో కార్డు ఆగిపోతే పరుగులు పెట్టాల్సింది నువ్వే.

ఇక నిజంగా కార్డుకి పనికొచ్చేవి మిగిలాయి. బట్టలు లక్షన్నర, పట్టుచీరల పెద్ద షాపులన్నీ కార్డు మామూలుగా తీసుకుంటాయి. సారె సామాను లక్షన్నర, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం, బీరువా. ఇక్కడైతే పాయింట్ల కన్నా ముందు షాపులో బ్యాంకు ఆఫర్ ఏముందో చూడు, ఫలానా బ్యాంకు కార్డుకి అక్కడికక్కడే మూడు నాలుగు వేలు తగ్గింపు అనే బోర్డులుంటాయి, ఆ తగ్గింపు చేతికొచ్చిన డబ్బు, పాయింట్లు రావాల్సిన డబ్బు. పైఖర్చుల్లో మగపెళ్ళివారికి హోటల్ గదులు ఒక 40 వేలు వేసుకుందాం. దీనికి పెళ్ళిలోపు నీ ఇంటి సరుకులు, పెట్టుపోతల సామాను లాంటివి ఇంకో 60 వేలు కలుపు. మొత్తం 4 లక్షలు.

15 లక్షలు 4 లక్షలయ్యాయి. నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు, ఈ అంకె తెలియకుండా కార్డు ఎంచుకుంటే 15 లక్షల మనిషికి సరిపోయే కార్డు, దానికి తగ్గ ఫీజు నీ నెత్తిన పడుతుంది.

నాలుగు లక్షల మనిషికి ఏ కార్డు? రూపాయికి ఇంత అని ఇచ్చే పాయింట్లతో పెద్దగా రాదు. ఇందాకటి లెక్కలోనే 4 లక్షలకి 10,666 పాయింట్లు, అంటే 5,333 రూపాయలు, అందులోంచి ఏడాది ఫీజు 2,500, జీఎస్టీ 450 తీసేస్తే మిగిలేది రెండు వేల మూడు వందల చిల్లర. కాబట్టి నువ్వు చూడాల్సింది ఏడాదిలో ఇంత ఖర్చు దాటితే ఒకేసారి బోనస్ ఇచ్చే కార్డు. ఆమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) ప్లాటినం ట్రావెల్ కార్డు అచ్చంగా ఇలాంటిదే, దానికి ఏడాదిలో 1.9 లక్షల దగ్గర ఒక మెట్టు, 4 లక్షల దగ్గర ఇంకో మెట్టు. మొదటి మెట్టుకి 15 వేల పాయింట్లు, రెండోదానికి 25 వేల పాయింట్లు, తాజ్ హోటళ్ళలో వాడుకునే 10 వేల వోచరు, ఇలా చాలా ఏళ్ళుగా ఇస్తూ వచ్చారు. ఫీజు 5 వేలు, జీఎస్టీ కలిపి 5,900. నీ ఖర్చు అంతకంతకు సరిపోయింది కదా అని వెంటనే అప్లై చేసేయకు. ఆ కార్డు తీసుకోని షాపులు మన ఊళ్ళో చాలా ఉన్నాయి. ఈ ఆదివారం చీరలు చూడటానికి వెళ్ళినప్పుడు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఆమెక్స్ తీసుకుంటారా అని ఒక్క మాట అడుగు, సామాను షాపులో అడుగు, హోటల్లో అడుగు. మూడు చోట్లా అవుననే అంటే అదే తీసుకో. ఒక్కచోట కాదన్నా పెళ్ళి ఖర్చుతో 4 లక్షల మెట్టు అందదు, అప్పుడు నీ జీతం పడే బ్యాంకులోనే వీసా లేదా మాస్టర్‌కార్డు మీద ట్రావెల్ కార్డు అడుగు. జీతం వాళ్ళ కళ్ళముందే పడుతుంది కాబట్టి లిమిట్ కాస్త ఎక్కువ ఇస్తారు, ఒక్కోసారి మొదటి ఏడాది ఫీజు కూడా తీసేస్తారు.

ఏది తీసుకున్నా సంతకం పెట్టే ముందు ఒక పేజీ కాగితం అడుగు. ఫీజులు, వడ్డీ అన్నీ ఒకచోట రాసి దరఖాస్తుతోపాటే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. దాంతోపాటు ఎమ్‌ఐటీసీ అనే షరతుల కాగితంలో వేటికి పాయింట్లు ఇవ్వరో రాసి ఉంటుంది, నగలు, అద్దె, ఇన్సూరెన్సు, పెట్రోలు, కరెంటు బిల్లు, ప్రభుత్వ చెల్లింపులు, ఇలా పెద్ద జాబితానే. బ్యాంకులు వీటిని ఏడాదికి రెండుమూడు సార్లు మారుస్తుంటాయి, కాబట్టి నేను పైన రాసిన అంకెల్ని కూడా అప్లై చేసే రోజు ఆ కాగితంతో సరిచూసుకో. నాకు నమ్మకం ఆ కాగితం మీదే, మాటల మీద కాదు.

ఇప్పుడు అసలు ఆశ, డాలస్ టికెట్లు. నీకు అబద్ధం చెప్పను తమ్ముడూ, ఈ ఖర్చుతో ఇద్దరికీ రానూపోనూ ఫ్రీ టికెట్లు రావు. పాయింట్లని ఎయిర్‌లైన్ మైల్స్‌గా మార్చేటప్పుడు చాలాచోట్ల రెండు పాయింట్లకి ఒక మైలు లెక్క ఉంటుంది. ఆ ఆమెక్స్ కార్డు రెండు మెట్ల బోనస్‌కి ఖర్చు మీద వచ్చే మామూలు పాయింట్లు కలిపి నీకు 48 వేల పాయింట్లు వచ్చాయే అనుకో, ఆ లెక్కన 24 వేల మైల్స్. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి రావడానికి ఒక్కరికి కూడా అవి చాలవు. మైల్స్‌తో టికెట్ తీసుకున్నా పన్నులు, ఎయిర్‌లైన్ వేసే సర్‌ఛార్జీలు చేత్తో కట్టాల్సిందే, కొన్ని ఎయిర్‌లైన్స్‌లో అవే వేలల్లో ఉంటాయి. ఇంకోటి, మైల్స్‌కి కేటాయించే సీట్లు విమానంలో కొన్నే ఉంటాయి, మే నెలలో మన తెలుగు అమ్మానాన్నలంతా పిల్లల దగ్గరికి బయల్దేరే సమయంలో ఒకే విమానంలో పక్కపక్కన రెండు దొరకడం చాలా కష్టం.

అయినా మైల్స్ దారే వెళ్ళాలనుకుంటే రెండు జాగ్రత్తలు. ముందు ఆ ఎయిర్‌లైన్ సైటులో సీటు కనబడాలి, ఆ తర్వాతే పాయింట్లు మార్చాలి, ఎందుకంటే ఒకసారి మార్చిన పాయింట్లు కార్డుకి వెనక్కి రావు. దానికన్నా ముందు వీసా. అమ్మానాన్నలకి వీసాలు ఉన్నాయో లేదో నువ్వు రాయలేదు. లేకపోతే కార్డు పని పక్కన పెట్టి ఈ వారమే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ అపాయింట్‌మెంట్ సంగతి చూడు, వీసా ముద్ర పడేదాకా ఒక్క పాయింటు కూడా మార్చకు.

ఒక్క ఎయిర్‌లైన్ మీదే ప్రేమ పెంచుకుని మైల్స్ దాచుకోవడం కూడా మంచిది కాదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఎగరడం ఆపేసినప్పుడు, ఏళ్ళ తరబడి మైల్స్ కూడబెట్టుకున్నవాళ్ళు దిక్కుతోచక నిలబడిపోయారు. విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, పాయింట్లు అటువైపు ఖాతాలోకి మారాయి కానీ విస్తారా పేరు చూసి కార్డు తీసుకున్నవాళ్ళకి ఆ కార్డు అర్థమే మారిపోయింది. అందుకే నీకు ఒకే ఎయిర్‌లైన్ పేరున్న కార్డు వద్దంటున్నాను, నాలుగైదు ఎయిర్‌లైన్స్‌కి మార్చుకోగలిగే పాయింట్లు మంచివి, వచ్చిన ఏడాదిలోనే వాడెయ్.

మరి పాయింట్లతో ఏం చెయ్యాలంటావా? నేనైతే డాలస్ టికెట్లు డబ్బుతోనే కొంటాను. ఎయిర్‌లైన్స్, బుకింగ్ సైట్లు బ్యాంకు కార్డుల మీద తగ్గింపులు ఇస్తుంటాయి, పెళ్ళి అయిన వెంటనే అలాంటిది చూసి కొత్త కార్డు మీదే కొను, నీ మెట్టు అందడానికి ఇంకా కాస్త తక్కువ పడితే ఈ టికెట్ల ఖర్చే దాన్ని దాటిస్తుంది. సైటులో ధర రూపాయల్లో చూపిస్తోందా లేదా చూసుకో, విదేశీ కరెన్సీలో పడితే చాలా కార్డులు మార్కప్ అనే అదనపు రుసుము మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 4.13 శాతం లాగుతాయి. లక్షకి 4,130 రూపాయలు, ఊరికే పోయినట్టు. వచ్చిన పాయింట్లని దేశంలో వాడు. డాలస్ నుంచి తిరిగొచ్చాక అమ్మానాన్నలు కాశీ వెళ్ళాలనుకుంటారేమో, హైదరాబాద్ నుంచి వారణాసికి విమానంలో పంపు, ఆ పాయింట్లకి అంతకన్నా మంచి వాడుక నాకు తోచడం లేదు.

టికెట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. పాయింట్ల కోసం, రెండు వేలు తగ్గుతుందని రెండు చోట్ల విమానం మారే దారి మాత్రం ఎంచుకోకు. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్ళకి ఒక్క మార్పే ఎక్కువ. శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా, దోహా మీదుగా డాలస్‌కి ఒక్క మార్పుతో వెళ్ళొచ్చు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, లండన్ మీదుగా కూడా కుదురుతుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులుంటే బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడుగు, దానికి డబ్బు తీసుకోరు, ఆ వీల్‌చెయిర్ తోసుకెళ్ళే మనిషే వాళ్ళని తర్వాతి గేటు దాకా దిగబెడతాడు. మా అమ్మని మొదటిసారి పంపినప్పుడు నాకు నిద్రపట్టింది ఆ ఒక్క ఏర్పాటు వల్లే.

కార్డుతో ట్రావెల్ ఇన్సూరెన్సు ఫ్రీ అని కూడా ఆ స్టాల్ అబ్బాయి చెప్పి ఉంటాడు. అది మామూలుగా కార్డు ఎవరి పేరున ఉందో వాళ్ళకే, అదీ ఎక్కువగా విమాన ప్రమాదానికీ సామాను పోవడానికీ. అమెరికాలో అరవై దాటినవాళ్ళు ఒక్కరోజు ఆసుపత్రిలో పడుకుంటే అయ్యే బిల్లు అది కట్టదు. వాళ్ళిద్దరికీ వైద్యం ఖర్చులు చూసే ఇన్సూరెన్సు విడిగా తీసుకో, ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. ఎయిర్‌పోర్టులో కూర్చోవడానికి ఇచ్చే లాంజ్ కూడా అంతే, ఇప్పుడు చాలా కార్డులు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లోపలికి రానిస్తున్నాయి, ఇంట్లోవాళ్ళ పేరున ఇచ్చే యాడ్ ఆన్ కార్డుకి వర్తిస్తుందో లేదో కూడా అడగాలి. లాంజ్ కోసం కార్డు ఎంచుకోకు.

ఇక ఎప్పుడు, ఎలా. పెళ్ళి షాపింగ్‌కి కనీసం ఆరు వారాల ముందే అప్లై చెయ్, కార్డు ఇంటికి రావడానికి, పిన్ పెట్టుకోవడానికి, ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసుకోవడానికి టైం పడుతుంది. మొదట్లో లిమిట్ రెండు లక్షలే ఇచ్చారనుకో, కంగారుపడకు, చీరలు కొన్న మర్నాడే ఆ డబ్బు కార్డుకి కట్టెయ్, లిమిట్ ఖాళీ అవుతుంది, తర్వాత సామాను కొను, బిల్లు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఆగేంత లిమిట్ ఉంటే మాత్రం తేదీ చూసి కొను. నీ బిల్లు 12వ తేదీన తయారవుతుందనుకో, 11న కొంటే ఇరవై రోజుల్లో కట్టాలి, 13న కొంటే అది తర్వాతి నెల బిల్లులోకి వెళ్ళి దాదాపు యాభై రోజులు చేతిలో ఉంటుంది. ఆ తేదీ నీకు కుదరకపోతే కనీసం ఒకసారైనా మార్చుకునే అవకాశం బ్యాంకు ఇవ్వాలి, అదీ రిజర్వ్ బ్యాంకు నిబంధనే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ 4 లక్షలూ ఇప్పుడే 12 లక్షల్లోంచి తీసి వేరే ఖాతాలో వేసి ఉంచు, బిల్లు మొత్తం దానంతటదే కట్టేసుకునేలా ఆటో డెబిట్ పెట్టు. పెట్టేటప్పుడు ‘మినిమమ్ డ్యూ’ అని కాకుండా ‘టోటల్ డ్యూ’ అని ఉందో లేదో రెండుసార్లు చూసుకో. పెళ్ళి ఇంట్లో చేతిలో కనబడిన డబ్బు ఆగదు, బాజాభజంత్రీలవాళ్ళకి ఇంత, ఆఖరి నిమిషంలో వచ్చిన చుట్టాలకి బట్టలకి ఇంత, కార్డు బిల్లుకి ఉంచిన డబ్బు ముందు దానికే పోతుంది. ఎంత అర్జెంటు పడినా ఆ కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తియ్యకు, తీసిన క్షణం నుంచి వడ్డీ, పైన ఫీజు.

బావగారో బాబాయిగారో పాయింట్లు నీకే వస్తాయిలే, మా బిల్లు కూడా నీ కార్డు మీద గీకు, డబ్బు ఇచ్చేస్తాం అంటారు. పెళ్ళిలో ఇది తప్పకుండా జరుగుతుంది. ముందు డబ్బు నీ ఖాతాలో పడితేనే గీకు. ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటితే ఆ సమాచారం ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి వెళుతుంది, నీ జీతానికి పొంతన లేని ఖర్చు నీ పేరున కనబడితే సమాధానం చెప్పుకోవాల్సింది నువ్వే, బాబాయిగారు కాదు. దగ్గర్లో ఇంటి లోన్‌కి వెళ్ళే ఆలోచన ఉంటే ఇంకో సంగతి, లిమిట్ అంతా వాడేస్తే సిబిల్ స్కోరు కొన్నాళ్ళు తగ్గుతుంది, బిల్లు కట్టాక మళ్ళీ లేస్తుంది, ఆ రెండు మూడు నెలలు లోన్ దరఖాస్తు పెట్టకు.

ఏడాది తిరిగాక ఫీజు మళ్ళీ పడే ముందు, తర్వాతి ఏడాది నీకు ఇంత ఖర్చు ఉంటుందా అని చూసుకో. ఉండదు కదా. ఫీజు తీసెయ్యమని అడుగు, తియ్యకపోతే పాయింట్లు వాడేసుకుని కార్డు మూసెయ్యమని రాసి పెట్టు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆలస్యం చేస్తే రోజుకి 500 రూపాయలు బ్యాంకే నీకు కట్టాలి.

ముందు మీ నాన్నగారితో కూర్చుని ఆ ఎఫ్‌డీ లోన్ మాట మాట్లాడు. ఆదివారం షాపుల్లో అడిగాక ఆ మూడు చోట్లా ఏమన్నారో నాకు మళ్ళీ రాయి, అమ్మానాన్నల వీసాల సంగతి కూడా రాయి. చెల్లికి నా ఆశీస్సులు చెప్పు.